కొండ వారన ఎర్రమట్టి స్థలం: వానలు పడేలోగా మట్టిపని ఏ వరుసలో మొదలుపెట్టాలి?

మెరకపల్లం (విశాఖపట్నం), ఏప్రిల్ 19

ఈ చర్చావేదిక సభ్యులందరికీ నమస్కారం. ఆనందపురం వైపు కొండ వారన 5 ఎకరాల స్థలంలో రెండు గోదాములు, ఒక చిన్న కార్యాలయ భవనం కట్టే పనిని నాకు అప్పగించారు. సైట్ ఇంజనీరుగా నాకిది రెండో పని. మొదటిది గుడివాడ దగ్గర చదును పొలంలో జరిగింది కనుక వాలు నేల సంగతి నాకు పుస్తకాల్లో చదివినంతే తెలుసు. ఈ స్థలం వాయవ్యపు హద్దు నుంచి ఆగ్నేయపు హద్దుకు 150 మీటర్ల దూరంలో 9 మీటర్లు దిగుతుంది. పైన అరమీటరు నుంచి మీటరు వరకు ఎర్రటి ఇసుకమట్టి, దాని కింద చేత్తో నలిపితే పొడి అయ్యే కొండరాయి ఉన్నాయి. దిగువ హద్దును ఆనుకుని ఒక గెడ్డ (చిన్న వాగు) పారుతుంది. అది కిలోమీటరున్నర దూరంలో చెరువులో కలుస్తుంది.

ఎత్తున్న చోట తవ్వే మట్టి (కటింగ్) 14,000 ఘనపు మీటర్ల దాకా వస్తోంది, దాదాపు అంతా అక్కడే పల్లం నింపడానికి (ఫిల్లింగుకు) సరిపోతుంది. ఒక పొక్లెయిన్, నాలుగు టిప్పర్లు, ఒక రోలరుతో రోజుకు 400 ఘనపు మీటర్లు చేస్తామనుకున్నా మే 10న మొదలుపెడితే పూర్తయ్యేసరికి జూన్ మూడో వారం వస్తుంది. అంటే వానలు మా మధ్యలోకే వస్తాయి. యజమాని మాత్రం ఐదెకరాలూ ఒకేసారి శుభ్రం చేయించమని పట్టుబడుతున్నారు. దిగువ హద్దు వెంట గ్రీన్ నెట్ కట్టి, ఆగ్నేయ మూలన ఒక గొయ్యి తవ్వితే మట్టి గెడ్డలోకి పోకుండా ఆగుతుందని నేను అనుకుంటున్నాను. ఇది చాలుతుందా?

పాతబెంచిమార్కు (కాకినాడ), ఏప్రిల్ 19

చాలదు. మీరు మట్టిని పట్టుకోవడం గురించి ఆలోచించారు గానీ నీటి గురించి ఆలోచించలేదు. మీ స్థలానికి పైన ఎంత కొండ ఉంది? ఆ కొండ మీద పడిన వాన ఎక్కడికి పోతుంది? మీ పటంలో స్థలం హద్దు దగ్గరే కాంటూరు గీతలు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) ఆగిపోయి ఉంటాయని నా అనుమానం. సర్వేయరుకు చెప్పి హద్దు దాటి పైకి, నీరు అటూ ఇటూ విడిపోయే గట్టు మలుపు వరకు నేల మట్టాలు తీయించండి. ఆ అంకె వచ్చాక మాట్లాడుకుందాం.

మట్టిబండి (తగరపువలస), ఏప్రిల్ 20

నేను ఇరవై రెండేళ్లుగా మట్టిపని కాంట్రాక్టులు చేస్తున్నాను. యజమాని మాటలో న్యాయం ఉందని ముందుగా చెప్పాలి. పొక్లెయినును ట్రెయిలరు మీద తెచ్చి దించడానికి, మళ్లీ ఎక్కించి పంపడానికి అయ్యే ఖర్చు యజమానే భరిస్తాడు. స్థలాన్ని ముక్కలు ముక్కలుగా శుభ్రం చేస్తే అదే ఖర్చు రెండు మూడు సార్లు పడుతుంది. పైగా పొదలు నిలిచి ఉంటే హద్దురాళ్లు కనపడవు, సర్వే గీతలు నిలవవు, పాములుంటాయని కూలీలు లోపలికి రారు. వానకు కొంత మట్టి పోవడం ఎప్పుడూ ఉన్నదే. పోయినచోట మళ్లీ నింపి రోలరు తిప్పుతాము. దీన్ని మరీ పెద్ద సమస్యగా చేయనక్కరలేదని నా అభిప్రాయం.

నేలపొర (వరంగల్), ఏప్రిల్ 20

మట్టిబండి గారి అనుభవాన్ని గౌరవిస్తూనే, ఆ చివరి వాక్యంతో నేను విభేదిస్తున్నాను. నేను భూసాంకేతిక శాస్త్రం (నేల, పునాదుల ఇంజనీరింగు) బోధిస్తాను కనుక కొంచెం వివరంగా రాస్తున్నందుకు మన్నించాలి.

కోత పారే నీటితో మొదలవుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది చినుకుతో మొదలవుతుంది. ఆచ్ఛాదన లేని నేల మీద పడిన ప్రతి చినుకూ మట్టిరేణువులను ఎగరగొట్టి, చెదిరిన సన్నరేణువులతో నేల రంధ్రాలను మూసేస్తుంది. అప్పుడు ఇంకాల్సిన నీరు కూడా పైనే పారడం మొదలుపెడుతుంది. మొదట పలుచని పొరలా పారిన నీరు కొంత దూరం పోయేసరికి వేలి మందాన పాయలుగా చీలుతుంది, ఆ పాయలు కలిసి గండ్లవుతాయి. అందుకే వాలు ఎంత నిటారుగా ఉందన్నదానితో పాటు, నీరు అడ్డులేకుండా ఎంత దూరం పారుతోందన్నది కూడా ముఖ్యమే. 150 మీటర్ల వాలును మధ్యలో రెండు చోట్ల అడ్డగట్టుతో తెంపితే కోత గణనీయంగా తగ్గుతుంది.

విశాఖ ప్రాంతంలో ఉన్నవారికి దీన్ని పుస్తకంలో చూపించనక్కరలేదు. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు ఉన్నాయి కదా. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ భూవారసత్వ స్థలంగా గుర్తించిన ఆ దిబ్బల్లో మనం చూసే లోతైన లోయలన్నీ వాననీరు కోసినవే. ఇసుకరేణువులను ఇనుప ఆక్సైడూ కాస్త బంకమట్టీ పట్టి ఉంచుతాయి. ఎండలో గునపం దిగనంత గట్టిగా ఉండే ఆ నేల తడిసేసరికి పట్టు వదిలేస్తుంది. మీ స్థలంలోని పై మట్టి కూడా ఇంచుమించు ఆ గుణంగలదేనని మీ వర్ణనను బట్టి తోస్తోంది. ఏప్రిల్‌లో దాని గట్టిదనాన్ని చూసి జూన్‌లో అది ఎలా నిలుస్తుందో అంచనా వేయకండి.

ఇక మీ గొయ్యి సంగతి. నిలకడ నీటిలో 0.1 మిల్లీమీటరు ఇసుకరేణువు ఒక మీటరు లోతు దిగడానికి సుమారు 2 నిమిషాలు చాలు. 0.01 మిల్లీమీటరు ఒండ్రురేణువుకు 3 గంటలు దాటుతుంది. 0.001 మిల్లీమీటరు బంకమట్టి రేణువుకు దాదాపు 13 రోజులు కావాలి. కాబట్టి గొయ్యి ఇసుకను ఆపుతుంది, ఒండ్రును కొంతవరకు ఆపుతుంది, నీటిని ఎర్రగా చేసే సన్నమట్టిని మాత్రం ఏ గొయ్యీ ఆపలేదు. అది ఒకసారి నీటిలో కలిసిందంటే మీ చేయి దాటిపోయినట్టే. దాన్ని పుట్టినచోటనే ఉంచాలి.

చెరువుగట్టు (విజయనగరం జిల్లా), ఏప్రిల్ 20

నేను ఇంజనీరును కాను, ఆయకట్టు రైతును. మట్టిబండి గారు పోయినచోట మళ్లీ నింపుతామన్నారు. పోయిన మట్టి ఎక్కడికి చేరుతుందో ఒక్కసారి చూడమని కోరుతున్నాను. మా ఊరి ఎగువన నాలుగేళ్ల కిందట ఒక లేఅవుట్ వేశారు. కొండను తొలిచి చదును చేసి, ప్లాట్ల రాళ్లు పాతి, మూడు వానాకాలాలు అలాగే వదిలేశారు. మొదటి ఏడే మా చెరువు తూము ముందు మట్టి మేట వేసి, తూము తలుపు ఎత్తినా నీరు దిగలేదు. నాట్లకు ముందు పదకొండు మందిమి రెండు రోజులు మట్టి తోడుకున్నాము.

చెరువు మట్టి పొలానికి బలమే కదా అని మాతో కొందరు వాదించారు. మా పెద్దలు వేసవిలో బండ్లు కట్టి పొలాలకు తోలుకున్నది నల్లటి ఒండ్రు. అది ఆకూ అలమూ కుళ్లి, ఏళ్ల తరబడి సన్నగా దిగినది. ఇప్పుడు వస్తున్నది కొండ గరుసు. దాన్ని పొలంలో వేసుకునేవాడు ఎవడూ లేడు, గట్టున పోస్తే మరుసటి వానకు మళ్లీ చెరువులోకే దిగుతుంది.

కరోలినా తెలుగు (షార్లెట్), ఏప్రిల్ 21

నేను పనిచేసే నార్త్ కరోలినా రాష్ట్రంలోనూ నేల ఎర్రగానే ఉంటుంది, బంక శాతం మాత్రం ఎక్కువ. ఇక్కడ 1973లోనే నిర్మాణ స్థలాల నుంచి మట్టి కొట్టుకుపోకుండా ఒక చట్టం చేశారు. ఒక ఎకరం, అంతకు మించి నేలను కదిలించాలంటే ముందుగా కోత నియంత్రణ ప్రణాళికను సమర్పించి ఆమోదం పొందాలి. పని మొదలయ్యాక కనీసం 7 రోజులకొకసారి, అలాగే 24 గంటల్లో అంగుళం వాన పడితే ఆ తరువాతి 24 గంటల్లోగా స్థలమంతా తిరిగి చూసి నమోదు చేయాలి. నిటారు వాలులు, హద్దు గట్ల మీద పని ఆగితే 7 రోజుల్లో, మిగతా చోట్ల 14 రోజుల్లో నేలను కప్పాలి.

ఇదంతా మీకు వర్తిస్తుందని కాదు. అయితే ఒక అలవాటు మాత్రం అప్పు తెచ్చుకోదగినది: స్థలంలో ఒక వానమాపిని, దాని పక్కన ఒక నోటు పుస్తకాన్ని ఉంచండి. ఎంత వానకు ఏ మూల తెగిందో రాసిపెడితే రెండో వానకు మీకు ఎవరి సలహా అక్కరలేదు.

గొయ్యి పరిమాణానికి అమెరికాలో వాడుకలో ఉన్న కొలత, దాని వైపు పారే ప్రతి ఎకరానికి 3,600 ఘనపుటడుగులు, అంటే సుమారు 102 ఘనపు మీటర్లు. అది ఎకరం మీద పడిన ఒక అంగుళం వానతో సమానం. ఇక్కడి గోతుల్లో నీరు ఒకే ధారగా దూసుకుపోకుండా అడ్డంగా రెండు మూడు చోట్ల కొబ్బరిపీచు అల్లిక తెరలు కడతారు. నీరు ఆ తెర నిండా పరుచుకుని మెల్లగా దాటుతుంది, మట్టి దిగడానికి సమయం దొరుకుతుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు మా అమ్మమ్మగారి ఊళ్లో పీచు కొట్టే చప్పుడు గుర్తొచ్చింది. కోనసీమకు అంత దగ్గరలో ఉన్న మీకు ఆ సరుకు నాకంటే సులువుగా దొరకాలి.

మెరకపల్లం (విశాఖపట్నం), ఏప్రిల్ 24

పాతబెంచిమార్కు గారూ, మీ అనుమానం నిజమే. మా పటం హద్దు దగ్గరే ఆగిపోయింది. పైకి మట్టాలు తీయిస్తే మరో 8 ఎకరాల కొండవాలు మా స్థలం మీదికే దిగుతోందని తేలింది. గంటకు 75 మిల్లీమీటర్ల తీవ్రత, ప్రవాహ గుణకం (పడిన వానలో పైన పారే వంతు) 0.5 పెట్టి లెక్కిస్తే సెకనుకు సుమారు 330 లీటర్ల నీరు వస్తోంది. ఆ అంకె చూశాక నా గ్రీన్ నెట్ మీద నాకే నవ్వొచ్చింది. నేలపొర గారు రాసినదాన్ని యజమానికి చూపించాను. అర్థం చేసుకున్నారు గానీ, బ్యాంకు వారు స్థలం చూడటానికి వస్తారనీ, సగం పొదలతో కనిపిస్తే బాగుండదనీ అంటున్నారు. రెండు దశల్లో శుభ్రం చేయడానికి ఒప్పుకోవడం లేదు.

పాతబెంచిమార్కు (కాకినాడ), ఏప్రిల్ 24

యజమానిని ఒప్పించనక్కరలేని దారి ఒకటుంది. పొదలను నరకడం వేరు, పెకలించడం వేరు. మన అంచనాల్లో ఈ రెండింటినీ ఒకే పద్దుగా రాసుకోవడం వల్ల, పొక్లెయిన్ బకెట్‌తో ఒక్క ఊపున రెండూ చేయించేస్తాము. మీరు ఐదెకరాల్లోనూ తుప్పలను మనుషులతో నేల మట్టానికి నరికించండి. స్థలమంతా కనిపిస్తుంది, సర్వే జరుగుతుంది, బ్యాంకు వారికీ బాగుంటుంది. వేళ్లు మాత్రం మొదటి గోదాము, దాని దారి వచ్చే 2 ఎకరాల్లోనే తీయించండి. మిగతా 3 ఎకరాల్లో వేళ్లూ మోళ్లూ గడ్డీ నేలను పట్టుకుని ఉంటాయి. గెడ్డ పక్కన 10 మీటర్ల పట్టీని చివరి దాకా అసలు ముట్టుకోవద్దు. చెట్లు ఉంటే వాటిని నరికే ముందు 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం కింద అనుమతి చూసుకోండి.

ఇక పై నీటి సంగతి. వాయవ్యపు హద్దు లోపల కాంటూరు వెంట ఒక కాలువ తవ్వి, తీసిన మట్టిని పల్లం వైపు గట్టుగా పోసి రోలరుతో గట్టిపరచండి. అడుగు 60 సెంటీమీటర్లు, లోతు 60 సెంటీమీటర్లు, పక్కవాలు ఒకటికి ఒకటి ఉంటే, 45 సెంటీమీటర్ల నీటిలోతుతో మీ 330 లీటర్లు సెకనుకు 0.7 మీటర్ల వేగంతో పోతాయి. అంతకంటే వేగం పెరిగితే ఆ ఇసుకమట్టి కాలువే కోసుకుపోతుంది, కాబట్టి వాటం 350కి 1 దాటనివ్వకండి. మట్టిపని వాళ్లకు ఇంత పలుచని వాటం నచ్చదు, కంటికి అసలు వాటమే లేనట్టుంటుంది. లెవల్ పెట్టి ప్రతి 10 మీటర్లకు ఒక గూటం పాతించండి. కాలువ పక్క హద్దు వెంట గెడ్డలోకి దిగే చోట మాత్రం నిటారు వాలు తప్పదు. అక్కడ అడుగునా పక్కలా రాతిపరుపు వేసి, చివర నీరు పడే చోట పెద్దరాళ్లు పరవండి.

లోపలి కాలువల్లో 5 శాతం వాలు వస్తుంది కదా, అక్కడ రాతి అడ్డకట్టలు కట్టండి. పై కట్ట అడుగు కింది కట్ట మధ్య తలతో సమానంగా ఉండాలన్నది సూత్రం. అరమీటరు ఎత్తు కట్టలైతే 10 మీటర్లకొకటి. కట్ట మధ్యభాగం పక్కలకంటే 15 సెంటీమీటర్లు పల్లంగా ఉండాలి. ఇది మరచిపోతే నీరు కట్టను చుట్టి ఒడ్డును కోసేస్తుంది. నా ఉద్యోగ జీవితంలో చూసిన అడ్డకట్టల్లో సగం ఇలా పనికిరాకుండా పోయినవే.

ఈ పనులన్నీ అయ్యాకే మొదటి బకెట్ కటింగ్.

మట్టిబండి (తగరపువలస), ఏప్రిల్ 25

నరకడం, పెకలించడం విడగొట్టాలన్న మాట నాకు నచ్చింది. ట్రెయిలరు ఖర్చు కూడా కలిసివస్తుంది, ఎందుకంటే రెండో దశ మొదలయ్యేదాకా మిషన్ మొదటి దశలోనే పనిలో ఉంటుంది. నా మొదటి మాటను వెనక్కి తీసుకుంటున్నాను. చెరువుగట్టు గారు రాసింది చదివాక అలా రాయకుండా ఉండాల్సిందనిపించింది.

మిషన్ల తరఫున కొన్ని సంగతులు చెబుతాను. ఫిల్లింగు వాలును సరిచేసేటప్పుడు డోజరును వాలు మీద పైకీ కిందికీ నడిపించండి, అడ్డంగా నడపవద్దు. పైకీ కిందికీ నడిస్తే చైను పళ్ల అచ్చులు వాలుకు అడ్డంగా మెట్లలా పడతాయి. ప్రతి అచ్చులోనూ చిటికెడు నీరు, నాలుగు గింజలు నిలుస్తాయి. అడ్డంగా నడిస్తే అవే అచ్చులు నీటికి దారులవుతాయి. చాలామంది ఆపరేటర్లు వాలును బకెట్ వీపుతో అద్దంలా నున్నగా కొట్టి గొప్పగా చూపిస్తారు. చూడటానికి అందంగా ఉంటుంది, మొదటి వానకే గీతలు పడుతుంది.

ఫిల్లింగు పొర 20 సెంటీమీటర్లకు మించకుండా పరచి, తడి చూసుకుని తొక్కించాలని అందరికీ తెలుసు. తెలిసి కూడా తప్పేది సాయంత్రం పూట. మబ్బు పట్టినరోజు పని దిగేముందు, పోసిన వదులు మట్టిని అలాగే వదలకుండా ఒక పక్కకు వాటం ఇచ్చి రోలరు తిప్పి మూసేయాలి. తరువాతి పొర వేసే ముందు ఆ నున్నటి పైభాగాన్ని గీకి గరుకు చేయాలి. ఇది అరగంట పని. దీన్ని ఎగ్గొట్టినందుకు ఒకసారి 2014 అక్టోబరులో, హుద్‌హుద్ తుపానుకు ముందు రోజు, నేను 600 ఘనపు మీటర్ల ఫిల్లింగును పోగొట్టుకున్నాను. అది బురదై కూర్చుంది, తీసి పారబోయడానికి పోసినదానికంటే ఎక్కువ ఖర్చయింది.

పైమట్టిని ముందుగా 15 సెంటీమీటర్లు గీకి విడిగా గుట్ట వేయండి. గుట్ట ఎత్తు 2 మీటర్లు దాటవద్దు, నీరు పారే దారిలో వేయవద్దు. ఆ మట్టి లేకపోతే చివర్లో ఏ గడ్డీ మొలవదు.

గరికపోచ (కడియం), ఏప్రిల్ 26

నర్సరీ నడుపుతాను కనుక పచ్చదనం గురించి మాత్రమే రాస్తాను. చాలా సైట్లవారు వానలు మొదలయ్యాక లాన్ గడ్డి కావాలని మా దగ్గరికి వస్తారు. అది ఆ వాలు మీద నిలవదు. తాత్కాలికంగా నేలను కప్పడానికి జనుము, పిల్లిపెసర చల్లండి. తడి తగిలితే నాలుగైదు రోజుల్లో మొలక కనిపిస్తుంది, నెల తిరిగేసరికి నేల కనిపించదు. గింజ మొలిచేదాకా పైన ఎకరానికి 2 టన్నుల లెక్కన వరిగడ్డిని పలుచగా పరిచి, గాలికి లేవకుండా తాళ్లతో అదిమిపెట్టండి. చినుకు దెబ్బ గడ్డి మీద పడుతుంది, నేల మీద పడదు.

రెండున్నర మీటర్లు దాటిన ఫిల్లింగు వాలు ఉంటే దాని మీద కొబ్బరిపీచు వల పరిచి, వల కన్నుల్లో గరిక పిలకలు నాటాలి. జనపనార వల ఒకటి రెండేళ్లలో కుళ్లిపోతుంది, పీచు వల ఇంకొంత ఎక్కువ కాలం నిలుస్తుంది. వలను వాలు తలమీద ఒక చిన్న కాలువ తవ్వి అందులో పాతిపెట్టాలి. నేలకు ఆనకుండా డేరాలా వేలాడే వల కింద నీరు సొరంగాలు చేసుకుని పోతుంది. వాలు మధ్యలో అడ్డంగా రెండు వరుసలు వట్టివేరు నాటితే అది మీటర్ల లోతుకు వేరు దింపి, ఏడాది తరువాత గట్టులా పనిచేస్తుంది. ఆ ఏడాది వరకు దాని మీద ఆధారపడవద్దు.

కరోలినా తెలుగు (షార్లెట్), ఏప్రిల్ 26

గ్రీన్ నెట్ గురించి ఎవరూ సూటిగా చెప్పలేదు. నీడ కోసం అల్లిన వలలో కన్నులు పెద్దవి, సన్నమట్టిని ఆపదు. మట్టిని ఆపే తెరకు జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీటిని వదిలి మట్టిని ఆపే గుడ్డ) కావాలి. దాని అడుగు అంచును 15 సెంటీమీటర్ల లోతు కాలువలో పాతి మట్టితో తొక్కించాలి, లేకపోతే నీరు కింద నుంచి దారి చేసుకుంటుంది. 30 మీటర్ల తెరకు పావు ఎకరం నీటి కంటే ఎక్కువ ఇవ్వకూడదు. పారే కాలువకు అడ్డంగా దాన్ని ఎప్పుడూ కట్టకండి, పడిపోతుంది. నీరు పలుచగా, విశాలంగా దిగే చోట కాంటూరు వెంట కట్టండి, చివరలను పైకి మడవండి.

గోతిలో మిగిలే ఎర్రనీటికి ఇక్కడ, సన్నమట్టిని ముద్దకట్టించి కిందికి దించే పాలిమర్ మందులు వాడతారు. వాటిలో రుణావేశం ఉన్న రకం మాత్రమే వాడాలి, ధనావేశం ఉన్నది చేపల మొప్పలకు హాని చేస్తుంది. గెడ్డ చెరువులో కలుస్తోంది కనుక తెలిసినవారి పర్యవేక్షణ లేకుండా వాటి జోలికి పోవద్దని నా సలహా.

నేలపొర (వరంగల్), ఏప్రిల్ 26

మన ఇళ్లలో బిందె నీటిని తేర్చడానికి చిల్లగింజను అరగదీసి కలిపేవారు. సూత్రం అదే. 2 ఎకరాలకు తవ్వే గోతిలోని 200 ఘనపు మీటర్ల నీటికి ఎన్ని గింజలు అరగదీయాలో మెరకపల్లం గారు లెక్కవేసి చెప్పగలరు.

పద్దుపుస్తకం (హైదరాబాద్), ఏప్రిల్ 27

సలహాలన్నీ బాగున్నాయి, వీటికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో ఎవరూ అడగలేదు. నేను క్వాంటిటీ సర్వేయరును, అంటే పని కొలతలు, ఖర్చుల లెక్క చూసేవాడిని. ప్రైవేటు పనుల ఒప్పందాల్లో మట్టిపనిని ఘనపు మీటరు రేటుకు రాస్తారు. కాలువ, అడ్డకట్ట, గడ్డి పరుపు వంటివి ఎక్కడా ఉండవు. ఇవన్నీ ఆ రేటులోనే ఉన్నాయని యజమాని అంటాడు, లేవని కాంట్రాక్టరు అంటాడు, వాన వచ్చేస్తుంది. కేంద్ర రహదారుల శాఖ నిర్దేశికల్లో నేలకోత, మట్టి మేటల నియంత్రణకు 306వ క్లాజు విడిగా ఉంది. దాన్ని నమూనాగా తీసుకుని మీ ఒప్పందంలో కాలువలను మీటరు లెక్కన, రాతికట్టలను సంఖ్య లెక్కన, నేల కప్పడాన్ని చదరపు మీటరు లెక్కన, గొయ్యి పూడిక తీతను ప్రతి సారికీ ఇంత అని విడి పద్దులుగా రాయించండి. ముఖ్యంగా ఆ చివరిది. గొయ్యి తవ్వడానికి అందరూ డబ్బిస్తారు, దాన్ని ఖాళీ చేయడానికి ఎవరూ ఇవ్వరు.

నిర్మిత విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లు దాటితే 2006 నాటి నోటిఫికేషన్ ప్రకారం పర్యావరణ అనుమతి కావాలి. మీది అంత ఉండదనుకుంటాను.

మెరకపల్లం (విశాఖపట్నం), ఏప్రిల్ 27

8,200 చదరపు మీటర్లే. పద్దులు విడగొట్టే విషయం రేపు యజమానితో మాట్లాడతాను. చిల్లగింజల లెక్క మాత్రం నా వల్ల కాదు.

ఇనుపటోపి (రామగుండం), ఏప్రిల్ 28

ఒకే మాట. వానకు తడిసిన తవ్వకం పక్కన మట్టి గుట్టలు పెట్టించకండి. తవ్వకం అంచు నుంచి మీటరున్నర గానీ, లోతులో సగం గానీ, ఏది ఎక్కువైతే అంత దూరంగా గుట్ట ఉండాలి. మీటరున్నర దాటిన కందకంలోకి దన్ను కట్టకుండా గానీ, పక్కలను వాలుగా తీయకుండా గానీ మనిషిని దించకూడదు. మట్టి నిలిపే గోతి చుట్టూ కంచె వేయించండి. కూలీల పిల్లలు సైటులోనే ఉంటారు.

మెరకపల్లం (విశాఖపట్నం), జూన్ 22

ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించాలి. పై కాలువ, పక్క రాతిపరుపు, 2 ఎకరాలకు సరిపడా 20 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు, మీటరున్నర లోతు గొయ్యి, గేటు దగ్గర 15 మీటర్ల పొడవున పెద్ద కంకర పరుపు మే 16కల్లా పూర్తయ్యాయి. కటింగ్ ఆరు రోజులు ఆలస్యంగా మొదలైంది. యజమాని ఆ ఆరు రోజులూ రోజుకు రెండుసార్లు ఫోను చేశారు. అయినా విడి పద్దులకు ఒప్పుకున్నారు.

మొన్న రాత్రి మొదటి పెద్ద వాన పడింది. వానమాపిలో 46 మిల్లీమీటర్లు నమోదయ్యాయి. తెల్లవారుజామున ఐదు గంటలకు టార్చి పట్టుకుని స్థలమంతా తిరిగాను. గొయ్యి నిండి అలుగు మీదుగా కాసేపు పారినట్టు గడ్డి వాలి ఉంది. అలుగు దాటిన నీరు ఇంకా ఎర్రగానే ఉంది, నేలపొర గారు చెప్పినట్టే. గోతి అడుగున కర్ర గుచ్చి చూస్తే 22 సెంటీమీటర్ల మేట తగిలింది, వేళ్ల మధ్య నలిపితే అంతా ఇసుకే. పిల్లిపెసర మొలిచిన తూర్పు వాలు మీద ఒక్క గీత కూడా లేదు. దాని పక్కనే గడ్డి పరవడం మిగిలిపోయిన నాలుగు మీటర్ల ముక్కలో మాత్రం నా బొటనవేలు పట్టేంత పాయలు పదిహేడు లెక్కపెట్టాను. వేళ్లు తీయని 3 ఎకరాల నుంచి దిగిన నీరు దాదాపు తేటగా ఉంది.

దెబ్బ తిన్నది ఒకచోట. పై కాలువ గట్టును టిప్పరు డ్రైవర్లు ఉత్తరపు మూలన అడ్డంగా చదును చేసి దారి చేసుకున్నారు. చుట్టూ తిరిగి వచ్చే 120 మీటర్లు వాళ్లకు భారమయ్యాయి. కొండ నీరంతా ఆ తెగిన చోట నుంచి లోపలికి దిగి, 40 సెంటీమీటర్ల లోతు గండి కొట్టి, పోసిన ఫిల్లింగులో కొంత తీసుకుపోయింది. గోతిలోని మేటలో ఎక్కువ భాగం అక్కడిదే. గట్టును మళ్లీ కట్టించాను, అక్కడ ఒక మనిషిని కాపలా పెట్టాలనుకుంటున్నాను.

పాతబెంచిమార్కు (కాకినాడ), జూన్ 22

కాపలా మనిషి భోజనానికి వెళ్లినప్పుడు మళ్లీ తొక్కుతారు. డ్రైవర్లకు ఆ దారి నిజంగా అవసరమని ఒప్పుకుని, అక్కడే కాలువ మీద పైపులు వేసి దారి ఇవ్వండి. నేను ముందే అడగవలసింది, టిప్పర్లు ఏ వైపు నుంచి వస్తాయని. అది నా పొరపాటు కూడా.

మెరకపల్లం (విశాఖపట్నం), జూన్ 22

600 మిల్లీమీటర్ల హ్యూమ్ పైపులు (కాంక్రీటు గొట్టాలు) రెండు వరుసలు వేస్తే 330 లీటర్లు హాయిగా పోతాయి. లోడు టిప్పరు బరువుకు పైన ఎంత మట్టి ఉండాలి?

మట్టిబండి (తగరపువలస), జూన్ 23

ఎన్‌పీ-3 రకం (బండ్ల బరువు మోసే ఇనుప కడ్డీల కాంక్రీటు) పైపులు తీసుకోండి. పైన తొక్కించిన గ్రావెల్ కనీసం 60 సెంటీమీటర్లు ఉండాలి, కాబట్టి దారి కాస్త గూనులా లేస్తుంది, రెండు వైపులా ర్యాంపు పొడవుగా లాగండి. పైపుల రెండు మూతుల దగ్గర రాతి గోడ కట్టకపోతే నీరు పైపు పక్క నుంచి మట్టిని లాక్కుపోతుంది. గోతిలోని మేట పైపులు వేసే రోజే తీయించేయండి. పొక్లెయిన్ ఎలాగూ ఆ పక్కనే ఉంటుంది. తీసిన ఇసుకను పారబోయకండి, ఆ ర్యాంపు కిందికి పనికొస్తుంది.